కూలిన చెట్టు మీది ఆర్కిడ్‌ను బెరడుతో సహా బతికించుకోవడం ఎలా?

రోడ్డు వెడల్పు చేసేటప్పుడో, తుఫాను వెలిసిన మర్నాడో నేలకొరిగిన పాత మామిడి చెట్టు దగ్గరికి వెళ్ళి చూడండి. కొమ్మల పంగల్లో బిరుసైన పొడుగాటి ఆకులతో, తెల్లటి లావు వేర్లతో ఒక మొక్క పట్టుకుని ఉండడం చాలాసార్లు కనిపిస్తుంది. అది ఆర్కిడ్. మన మైదానాల్లోనూ తూర్పు కనుమల్లోనూ తరచుగా కనబడేది వాండా టెసలేటా అనే జాతి. సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి మన తీరం మొక్కలెన్నిటికో బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లోనే దీని వర్ణన అచ్చు వేశాడు. అంటే శాస్త్ర ప్రపంచానికి ఇది మన గడ్డ నుంచే పరిచయమైంది. ఇవాళ మాత్రం చెట్టు కొట్టిన రోజున దాన్ని పట్టించుకునేవాళ్ళుండరు. కలప డిపోకి పోతుంది, మొక్క పొయ్యిలోకో కాలవ గట్టు మీదికో పోతుంది.

ఇది అలాంటి మొక్కను తీసి ఇంకో చెట్టుకు చేర్చి బతికించడానికి రాసినది. నిలబడి ఉన్న చెట్టు మీద నుంచి మొక్కను పీకి ఇంటికి తెచ్చుకోవడానికి కాదు. ఆ పని దయచేసి చేయకండి.

మంచి మనసుతో తెచ్చిన మొక్కలు కూడా చాలా చచ్చిపోతుంటాయి. తెచ్చినవాళ్ళు వేర్లకు అంటుకున్న పట్టంతా గీకి, శుభ్రంగా కడిగి, బొగ్గు ముక్కలు పోసిన కుండీలో పెడతారు. రెండు మూడు నెలలు బాగానే ఉంటుంది. తర్వాత కింది ఆకులు ఒక్కొక్కటే రాలిపోతూ వస్తాయి. వాళ్ళు తెచ్చింది మొక్కనే. అది బతికే చోటును అక్కడే వదిలేసి వచ్చారు. పని మొదలుపెట్టే ముందు ఆ చోటులో ఏముంటుందో తెలిసి ఉండాలి.

బెరడులో ఏముంది

కందిగింజ ఒలిస్తే రెండు బద్దలొస్తాయి. మొలక పైకి వచ్చేదాకా దానికి కావలసిన తిండి ఆ బద్దల్లోనే ఉంటుంది. ఆర్కిడ్ విత్తనానికి ఆ బద్దలు లేవు. ఒక్క కాయలో వేల నుంచి లక్షల దాకా గింజలుంటాయి. చాలా జాతుల్లో ఒక గింజ బరువు మిల్లీగ్రాములో వందో వంతు కూడా ఉండదు. తల్లి దానికి ఇచ్చి పంపేది పల్చటి తొడుగులో కొన్ని కణాలు మాత్రమే. గాలికి ఎగిరి బెరడు పగుళ్ళలో పడ్డాక, అక్కడ సరైన శిలీంద్రం, అంటే బూజు లాంటి ఫంగస్, ఉంటేనే దాని కథ ముందుకు సాగుతుంది.

శిలీంద్రం పోగులు గింజలోకి చొరబడి కణాల లోపల ఉండలుగా చుట్టుకుంటాయి. గింజ ఆ ఉండల్ని అరిగించుకుంటుంది. శిలీంద్రం కుళ్ళిన బెరడు నుంచి, రాలిన ఆకు నుంచి కూడబెట్టుకున్న చక్కెర, నత్రజని, భాస్వరం అలా మొక్కకు దక్కుతాయి. గింజ ఉబ్బి ఆవగింజకన్నా చిన్న ఆకుపచ్చ బొడిపెగా మారుతుంది. దాన్నే ప్రోటోకార్మ్ అంటారు. ఆ బొడిపెకే ముందు ఆకు, తర్వాత వేరు వస్తాయి. దీన్ని మొదట కనిపెట్టింది నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి యువకుడు. 1899లో ఫాంటెన్‌బ్లో అడవిలో ఆకుల కింద పూడుకుపోయిన ఒక ఆర్కిడ్ కాయ ఆయన కంటబడింది. అందులోని గింజలు అక్కడే మొలకెత్తి ఉన్నాయి. ప్రతి మొలకలోనూ శిలీంద్రం ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే మీకు సందేహం వస్తుంది. నర్సరీల్లో అమ్మే రంగురంగుల ఆర్కిడ్లు ఏ శిలీంద్రమూ లేకుండానే పెరుగుతున్నాయి కదా అని. నిజమే. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రవేత్త గాజు సీసాలో అగర్ అనే జెల్లీ మీద చక్కెర, లవణాలు కలిపి ఆర్కిడ్ గింజల్ని మొలిపించాడు. శిలీంద్రం పెట్టే తిండిని మనిషే పెట్టాడన్నమాట. నర్సరీ వ్యాపారమంతా ఆ దారిలో నడిచింది. కానీ మామిడి కొమ్మ మీద చక్కెర పోసేవాళ్ళెవరూ లేరు. అడవి ఆర్కిడ్ పిల్ల పెట్టాలంటే ఇప్పటికీ శిలీంద్రమే దిక్కు.

ఈ శిలీంద్రాలు ఎక్కువగా టులస్నెల్లా, సెరాటోబేసిడియం, సెబాసినా అనే తెగలవి. పాత లెక్కలో వీటన్నిటినీ కలిపి రైజోక్టోనియా అనేవారు. వరి రైతులకు ఆ పేరు కొత్త కాదు. వరికి పాముపొడ తెగులు తెచ్చేది రైజోక్టోనియా సొలాని. అంటే మన పైరును తినేదీ, మన ఆర్కిడ్‌ను సాకేదీ దగ్గర చుట్టాలే. పాముపొడ మీద కొట్టే మందు ఎవరిని వెతుక్కుంటూ వెళ్తుందో ఇక చెప్పక్కర్లేదు. మందుల సంగతి దగ్గర మళ్ళీ దీనికి వస్తాను.

పెద్దదైన వాండాకు పచ్చటి ఆకులుంటాయి కాబట్టి తన తిండి తానే వండుకోగలదు. అయినా బెరడును అంటి పాకే వేర్లలో ఈ శిలీంద్రం కాపురం సాగుతూనే ఉంటుంది. గాల్లో వేలాడే వేర్లలో అది తక్కువ, ఒక్కోసారి అసలుండదు. ఇక నుంచి చెప్పే ప్రతి పనీ ఈ సంగతిని ఆధారం చేసుకున్నదే. బెరడుకు అంటిన వేరును బెరడుతో పాటే తీయాలి, బెరడుకే అంటించాలి.

మొదట, అది ఆర్కిడేనా?

మన పల్లెల్లో చెట్టు మీద పెరిగే ప్రతిదాన్నీ బదనిక అనడం అలవాటు. అసలు బదనిక పరాన్నజీవి. కొమ్మలోకి దిగి చెట్టు రసం తాగుతుంది. దాన్ని మామిడి తోట రైతు కొట్టేయడంలో తప్పు లేదు. ఆర్కిడ్ చెట్టు నుంచి ఏమీ తాగదు. దానికి కావలసింది నిలబడడానికి చోటు మాత్రమే.

తేడా వేర్ల దగ్గర చూడండి. బదనిక పుట్టిన చోట కొమ్మ కణితిలా ఉబ్బి ఉంటుంది, మొక్క కొమ్మలోంచే వచ్చినట్టుంటుంది. ఆర్కిడ్ వేర్లు పెన్సిలంత లావున, సుద్దలా తెల్లగా, బెరడు పైపైన పాకి ఉంటాయి. కొసలు మాత్రం ఆకుపచ్చగానో కాస్త ఊదాగానో మెరుస్తాయి. సందేహం ఉంటే నీళ్ళ సీసా తీసి ఒక వేరు మీద నాలుగు చుక్కలు వేయండి. చుక్క పడ్డచోట తెలుపు పోయి మరుక్షణంలో ఆకుపచ్చ తేలుతుంది. పైనున్న మెత్తటి పొర, వెలమెన్, నీరు పీల్చుకుని పారదర్శకమై లోపలి పచ్చదనాన్ని చూపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటేసే దృశ్యం అది. ఆ వేరు బతికి ఉందనడానికీ అదే గుర్తు. నీళ్ళు తగిలినా గోధుమ రంగులోనే ఉండి, వేలితో నొక్కితే బోలుగా నలిగిపోతే ఆ వేరు పోయినట్టే.

వాండా ఆకులు రెండు వరసల్లో ఎదురెదురుగా పేర్చినట్టుంటాయి. ఆకు కొసను ఎవరో కొరికినట్టు గండ్లుంటాయి. పూత ఉంటే ఇక వెతుక్కోవలసిన పనే లేదు. పసుపు, ఆకుపచ్చ కలిసిన రేకుల మీద గోధుమరంగు గళ్ళు, మధ్యలో నీలి ఊదా పెదవి, కమ్మటి వాసన.

అడగవలసినవాళ్ళను అడగండి

రిజర్వు అడవిలో పడిన చెట్టు అయితే మొక్క కూడా అటవీశాఖదే. 1967 నాటి అటవీ చట్టం రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏది తెచ్చినా నేరమే. రేంజ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, వాళ్ళ మనిషి ఎదురుగా తీసి, అదే అడవిలో ఇంకో చెట్టుకు కట్టడం అన్నిటికన్నా మంచి పద్ధతి. రోడ్డు పక్క చెట్టయితే రోడ్ల శాఖ ఇంజినీరును, వేలంలో చెట్లు కొన్న కాంట్రాక్టరును అడగాలి. పొలంలోదైతే రైతును. చాలామంది ‘దానికేముందండీ, తీసుకుపోండి’ అంటారు. ఆ మాట కాగితం మీద ఒక్క ముక్క రాయించుకుంటే దారిలో ఎవరాపినా చూపించవచ్చు. అడవి మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం పరిధిలో ఆర్కిడ్లన్నీ ఉన్నాయి. పర్మిట్లు లేకుండా దేశం దాటించడం కుదరదు. విదేశంలో ఉన్న బంధువుల కోసం సూట్‌కేసులో పెట్టే ఆలోచన చేయవద్దు.

రోడ్డు పనుల్లో చెట్టు పడ్డాక వెళ్తే ఆలస్యమే. చెట్ల మీద అంకెలు వేసిన రోజునే ఆ వరసంతా ఒకసారి నడవండి. బైనాక్యులర్ ఉంటే మేలు. ఏ అంకె చెట్టు మీద ఎన్ని మొక్కలున్నాయో రాసుకుని కాంట్రాక్టరుకు ఇవ్వండి. కొమ్మలు ముందు నరుకుతారు, మొదలు తర్వాత. వాండాలు ఎక్కువగా పెద్ద కొమ్మల పంగల్లో ఉంటాయి కాబట్టి మొదటి రోజే అక్కడ ఉండాలి.

తుఫాను తర్వాత ఇంకో జాగ్రత్త. 2014లో హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినప్పుడూ, 2018లో తిత్లీ ఉద్దానం తోటల్ని పడగొట్టినప్పుడూ చెట్లతో పాటే కరెంటు స్తంభాలూ పడ్డాయి. కొమ్మల్లో తీగ ఉందంటే కరెంటు ఆఫీసువాళ్ళు వచ్చి చూసేదాకా చెట్టును ముట్టుకోకండి. పాములు, తేళ్ళు కూడా ఆ కొమ్మల కిందికే చేరతాయి. కర్రతో తట్టి, చూసి చెయ్యి పెట్టండి.

తీయడం

కావలసినవి చిన్నవే: చేతి రంపం, అంగుళం వెడల్పు ఉలి, సుత్తి, గోనె సంచులు, పురికొస, తడి గుడ్డ.

మొక్క ఉన్న కొమ్మ ముంజేతి లావులోపు అయితే ఆలోచించకండి. వేర్ల కొసలకు రెండు వైపులా జానెడు వదిలి కొమ్మనే కోసేయండి. మొక్కకు తను కదిలిన సంగతే తెలియనంత సుఖం అందులో ఉంది.

కొమ్మ లావైతే బెరడును పలకగా లేపాలి. ముందు వేర్లు ఎంతదూరం పాకాయో వేలితో తడుముతూ చూసుకోండి. ఒక్కోసారి రెండు మూడడుగులు పోతాయి. అన్నిటినీ కాపాడడం కుదరకపోవచ్చు. పచ్చటి కొసలున్నవాటిని, మొక్క మొదలుకు దగ్గరగా ఉన్నవాటిని ఎంచుకోండి. ఆ వేర్ల చుట్టూ రెండంగుళాల అంచు వదిలి ఉలితో గాటు పెట్టండి. తర్వాత ఉలిని వాలుగా పట్టి బెరడు కిందికి దించి మెల్లగా లేపండి. అనకాపల్లి వైపు కలప కోసే ఒక పెద్దాయన నేను ఉలితో కుస్తీ పడుతుంటే చూసి, ‘పొద్దెక్కనీకు బాబూ, పచ్చి మీదే లెగుద్ది. ఎండిందంటే కట్టెకి కరుచుకుపోద్ది’ అని చెప్పి, తన చేత్తోనే ఉలిని తిరగేసి పట్టి చూపించాడు. ఉలి నునుపు వైపు కట్టెకు, వాలు వైపు బెరడుకు ఉండాలి. అలా పడితే పలక విరగకుండా అరచేయి మందాన లేచి వస్తుంది. చెట్టు పడిన రోజునే ఈ పని అయిపోతే మంచిది.

వేరు మీద నాచు ఉన్నా, బూడిదరంగు లైకెన్ పొరలున్నా, పగుళ్ళలో నల్లటి మట్టిలాంటి చెత్త ఉన్నా గీకకండి. మొక్కకు ఎక్కువ పనికొచ్చే భాగం అదే. చూడవలసింది చెదలు ఒక్కదాన్నే. బెరడు లోపలి వైపు చెద మట్టి కనిపిస్తే ఆ మేరకు కోసి పారేయండి. చీమలుంటే నీడలో ఒక పూట ఉంచండి, అవే పోతాయి.

తెగిన వేర్లకు ఏమీ పూయకండి. పసుపు, బూడిద, శిలీంద్రనాశిని, ఏదీ వద్దు. నీడలో ఒక రోజు ఆరితే కోసిన చోటు దానంతటదే గట్టిపడుతుంది.

మోయడం, ఉంచడం

గోనె సంచి తడిపి పిండి, అందులో వదులుగా చుట్టండి. పాలిథీన్ కవరులో పెట్టి కారు డిక్కీలో వేస్తే సాయంత్రానికి ఉడికిపోతుంది. అదే రోజు కట్టలేకపోతే చెట్టు నీడలో, నేలకు తగలకుండా, మొక్క తల పైకి ఉండేలా వేలాడదీయండి. పొద్దున ఒకసారి నీళ్ళు చిలకరిస్తే వారం పాటు ఏ ఢోకా ఉండదు. వాండా మొండి మొక్క, దాహం ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది గాలాడని తడిని.

ఏ చెట్టుకు కట్టాలి

ఈ నిర్ణయం మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది కాబట్టి తొందరపడవద్దు.

దగ్గర్లో, అదే గాలీ అదే వానా పడే చోట, ఇప్పటికే ఆర్కిడ్లున్న చెట్టు దొరికితే వెతుకులాట ఆపేయండి. అక్కడ మొక్కలు మొలిచాయంటే వాటికి తగిన శిలీంద్రం ఆ బెరడు మీద ఉన్నట్టే. మీ మొక్క రేపు కాయ కాస్తే గింజలకు అక్కడ తిండి దొరుకుతుంది. అలాంటి చెట్టు లేకపోతే, కూలిన చెట్టు ఏ జాతిదో అదే జాతి పాత చెట్టును చూడండి. మామిడి, చింత, వేప, ఇప్ప లాంటి గరుకు పట్ట చెట్లు మంచివి. యూకలిప్టస్, జామ, తెల్లమద్ది వద్దు. వాటి పట్ట పొరలుగా ఊడిపోతుంది, దాంతో మొక్కా ఊడిపోతుంది.

చెట్టులో చోటు: పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడేది. తూర్పు వైపు పంగ బాగుంటుంది. మేకలకు అందని ఎత్తు కావాలి, మీకు నిచ్చెన వేసుకుని నీళ్ళు కొట్టేంత తక్కువ ఎత్తూ కావాలి. ఎనిమిది పది అడుగులు చాలు. రోడ్డు పక్క చెట్ల మొదళ్ళకు సున్నం, జాజు పట్టీలు వేస్తారు. ఆ పట్టీ దరిదాపుల్లో కట్టకండి. ఏటా వేసే సున్నం ఆ బెరడు మీది సూక్ష్మ జీవాన్నంతా మార్చేస్తుంది. గుడి ఆవరణలోని చెట్టయితే కొట్టరన్న నమ్మకం ఉంది గానీ, పూజారిగారికీ ధర్మకర్తలకూ ముందే చెప్పండి. లేకపోతే బదనిక అనుకుని శుభ్రం చేసే రోజు పీకేస్తారు.

కట్టడం

మృగశిర కార్తె చొరబడి మొదటి వానలు పడ్డాక కట్టిన మొక్కలు అన్నిటికన్నా బాగా పట్టుకుంటాయి. వేర్లు ఆ కాలంలోనే చురుగ్గా పాకుతాయి. కానీ తుఫానులు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. చెట్టు పడినప్పుడే కట్టాలి తప్ప మృగశిర దాకా ఆగలేం. కోస్తాలో ఆ నెలల్లో ఇంకా తడి ఉంటుంది కాబట్టి ఫరవాలేదు. తెలంగాణలో, రాయలసీమలో చలికాలం కట్టిన మొక్కకు ఎండాకాలమంతా నీళ్ళు మీరే చూసుకోవాలి.

బెరడు పలకను కొత్త చెట్టు బెరడు మీద ఆనించండి. మధ్యలో ఖాళీ లేకుండా ఉండేలా పలకను తిప్పి చూసుకోండి. వేర్ల పచ్చ కొసల్లో ఒకటి రెండైనా పలక అంచు దాటి కొత్త చెట్టును తాకాలి. మొదట పాకేవి అవే. మొక్క తల పైకి, కాస్త బయటికి వాలి ఉండాలి. ఆకుల మధ్య గుంటలో నీళ్ళు నిలిస్తే మొవ్వు కుళ్ళుతుంది.

పురికొసతో గానీ కొబ్బరి తాడుతో గానీ పలకను మూడు చోట్ల గట్టిగా కట్టండి. పట్టుకుని కదిపితే ఊగకూడదు. ఊగే మొక్క వేరు పట్టదు, పట్టిన వేరు కొస నలిగి ఆగిపోతుంది. తాడు వేరు మీదుగా కాకుండా వేర్ల సందుల్లోంచి పోనివ్వండి. ఇనుప తీగ చెట్టును కోస్తుంది. రాగి తీగ శిలీంద్రానికి విషం. మేకు కొట్టడం మొక్కకు చోటిచ్చిన చెట్టుకే అన్యాయం.

పేడ, మట్టి, కొబ్బరి పొట్టు వేర్ల మీద కప్పకండి. కాపాడుతున్నామనుకుంటాం గానీ, గాలి ఆగి వేర్లు కుళ్ళిపోతాయి. మరీ పొడి ప్రాంతమైతే పలక కిందివైపు గుప్పెడు కొబ్బరి పీచు దోపడం వరకు ఫరవాలేదు.

నీళ్ళు, మందులు

వాన పడే రోజుల్లో మీరు చేయవలసింది లేదు. వాన లేని రోజున పొద్దున్నే స్ప్రేయరుతో వేర్లు పచ్చబడేదాకా కొట్టండి. ఆ పచ్చదనం మధ్యాహ్నానికి మళ్ళీ తెల్లబడాలి. సాయంత్రానికీ పచ్చగానే ఉంటే నీళ్ళు ఎక్కువవుతున్నాయి, లేదా గాలాడడం లేదు. వడగాడ్పుల రోజుల్లో పొద్దు వాలాక ఇంకోసారి కొట్టవచ్చు. ఉప్పు తేలే బోరు నీళ్ళయితే వేర్ల మీద తెల్లటి పొక్కులా పేరుకుంటుంది. పట్టుకున్న వాననీళ్ళు వాడండి. మున్సిపాలిటీ నీళ్ళయితే బక్కెట్లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచి వాడండి.

ఎరువు అక్కర్లేదు. చెట్టు మీద నుంచి కారే వాననీళ్ళలో ధూళి, ఆకు సారం, పక్షి రెట్ట కలిసి వస్తాయి. మిగతాది శిలీంద్రం చూసుకుంటుంది.

మందుల విషయంలో గట్టిగా ఉండండి. వరిలో పాముపొడకు హెక్సాకొనజోల్, వాలిడామైసిన్ కొడతారు. మామిడి పూతకు బూడిద తెగులు వస్తే మళ్ళీ హెక్సాకొనజోలో గంధకమో కొడతారు. రైతు పైరు ఆయనకు ముఖ్యం, కొట్టవద్దనే హక్కు మనకు లేదు. కానీ ఆర్కిడ్లున్న ఒకటి రెండు చెట్లను, వాటి మొదటి పెద్ద పంగలనైనా వదిలి కొట్టమని బతిమాలుకోవచ్చు. గట్టు మీద చెట్టయితే గాలి వాలు చూసి కొట్టమనవచ్చు. పూత ఉండేది కొమ్మల చివర, ఆర్కిడ్ ఉండేది లోపలి లావు కొమ్మ మీద. ఈ మాట చెప్తే ఒప్పుకునే రైతులు చాలామందే ఉంటారు.

పొలుసు పురుగు, పిండినల్లి పడితే తడి గుడ్డతో తుడవండి. నత్తలు పచ్చ కొసల్ని రాత్రికి రాత్రి తినేస్తాయి. టార్చి వేసుకుని వెళ్ళి ఏరేయడమే మార్గం.

మొదటి నెలల్లో కింది ఆకులు రెండు మూడు రాలితే కంగారు పడకండి. ఆకులు ముడతలు పడుతూ, వేర్లకు కొత్త పచ్చ కొసలు రాకుండా ఉంటే నీళ్ళు చాలడం లేదు. మొవ్వు ఆకు లాగితే ఊడి వచ్చి కింద నల్లగా, కంపుగా ఉంటే కుళ్ళు పట్టింది. అప్పుడు కూడా మొక్కను పారేయవద్దు. కుళ్ళిన భాగం కోసి, నీళ్ళు తగ్గించి వదిలేస్తే పక్క కణుపుల నుంచి పిలకలు రావచ్చు. కొత్త వేర్లు పలక దాటి కొత్త బెరడును అతుక్కున్నాయంటే పని అయినట్టే. ఆ తర్వాత పురికొస కుళ్ళి ఊడిపోయినా పట్టించుకోనక్కర్లేదు. కొబ్బరి తాడు, నైలాను తాడు అయితే కోసేయండి, చెట్టు లావెక్కేకొద్దీ అవి బిగుస్తాయి.

కాయను వదలండి, గింజను చల్లండి

ఒక్క మొక్క బతికితే ఒక్కటే బతికింది. అది పిల్లల్ని పెడితేనే ఆ చోట ఆర్కిడ్ నిలబడినట్టు. పూత వచ్చినప్పుడు కోసి ఇంట్లో పెట్టుకోకండి. దగ్గర్లో రెండు మొక్కలు పూస్తే చేత్తో పరాగ సంపర్కం చేయవచ్చు. పువ్వు నడుమ పొట్టి స్తంభంలా ఉన్నదాని కొసన చిన్న టోపీ ఉంటుంది. పుల్లతో కింద నుంచి పైకి మెల్లగా తడితే టోపీ ఊడి, రెండు పసుపు ముద్దలు పుల్లకు అంటుకుని వస్తాయి. పుప్పొడి అంతా ఆ ముద్దల్లోనే ఉంటుంది. వాటిని రెండో మొక్క పువ్వులో, అదే స్తంభం కింది జిగట గుంటలో పెట్టండి. ఒక మొక్కకు ఒకటి రెండు కాయలు చాలు. ఈ మధ్యే కదిలిన మొక్కకైతే ఆ ఏడాది అసలు వద్దు.

కాయ పండడానికి చాలా నెలలు పడుతుంది. గీతలు తేలి, పసుపు తిరిగి, నిలువుగా నెర్రెలిస్తుంది. ఎక్కువ కాయల్ని గాలికే వదిలేయండి. ఒకదాన్ని మాత్రం పగలబోయే ముందు కోసి కాగితం పొట్లంలో ఆరబెట్టి, తొలకరి పడి బెరడు నానాక చల్లండి. చల్లవలసింది పెద్ద మొక్క వేర్ల పక్కన అడుగు దూరంలోపు, నాచు, లైకెన్ ఉన్న పగుళ్ళలో. తల్లి వేర్ల దగ్గర శిలీంద్రం ఉండే అవకాశం ఎక్కువ. పాత పంచె గుడ్డ పేలిక ఒక్క పొర పైన కడితే గట్టి వానకు గింజ కొట్టుకుపోదు. కొన్ని నెలలకు గుడ్డ విప్పి భూతద్దంతో చూడండి. పచ్చటి చుక్కలు కనిపిస్తే అవే ప్రోటోకార్ములు. లక్షల గింజల్లో పదో పరకో మొలిచినా అది గొప్ప ఫలితం. అవి పూతకొచ్చేది ఏళ్ళ తర్వాత.

కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పేవాళ్ళు, విద్యార్థులు అయితే ఇంకో మెట్టు ఎక్కవచ్చు. డెన్మార్క్‌కు చెందిన హన్నె రాస్ముసెన్, అమెరికాకు చెందిన డెనిస్ విగమ్ 1993లో ఒక సులువైన పద్ధతి చూపించారు. సుమారు 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సందులున్న నైలాను గుడ్డలో గింజలు పొట్లంగా మడిచి పాత ఫొటో స్లైడు చట్రంలో బిగించి, అనుకున్న చోట పెట్టడం. సందుల్లోంచి శిలీంద్రం లోపలికి వస్తుంది, గింజ బయటికి పోదు. రొయ్యల హేచరీలకు సామాను అమ్మేచోట ఈ గుడ్డ మైక్రాన్ లెక్కన దొరుకుతుంది. ఒకే చెట్టు మీద పది చోట్ల పొట్లాలు కట్టి ఎక్కడ మొలిచాయో చూస్తే, ఆ శిలీంద్రం ఏ పంగలో ఉందో, ఎక్కడ లేదో మీ కళ్ళకు తెలుస్తుంది. తర్వాత కట్టే మొక్కలకు చోటు ఎంచుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

నేల మీది వాటిని తవ్వకండి

పైన చెప్పినదంతా చెట్టు మీద పెరిగేవాటికే. హబెనేరియా, యులోఫియా, నెర్విలియా లాంటి నేల ఆర్కిడ్లు మన కొండల్లోనూ పొలం గట్ల మీదా వానాకాలంలో లేస్తాయి. ఇవి శిలీంద్రం మీద ఇంకా గట్టిగా ఆధారపడతాయి. దుంపను తవ్వి తెస్తే దాని చుట్టూ మట్టిలో అల్లుకున్న పోగులన్నీ తెగుతాయి. కొన్ని జాతులకైతే ఆకులే ఉండవు. పశ్చిమ కనుమల్లో, ఈశాన్యంలో దొరికే ఎపిపోగియం రోజియం బతుకంతా శిలీంద్రం పెట్టే తిండి మీదే. చైనా రైతులు గాస్ట్రోడియా అనే ఆకులేని ఆర్కిడ్‌ను మందు కోసం పండిస్తారు. దానికోసం ముందు ఆర్మిల్లేరియా అనే శిలీంద్రాన్ని దుంగల మీద పెంచి, ఆ దుంగల పక్కన దుంపలు పెడతారు. అంటే వాళ్ళు సాగు చేసేది ముందు శిలీంద్రాన్నే. మన జాతులకు అలాంటి సాగు పద్ధతులు మన చేతుల్లో లేవు కాబట్టి ఉన్నచోట ఉండనివ్వడమే దారి.

మీ పొలంలోనో కాలేజీ ఆవరణలోనో అలాంటిది కనిపిస్తే మూడడుగుల దూరంలో చుట్టూ నాలుగు కర్రలు పాతండి. ఆ మేర గడ్డి కోయడం కాయలు పగిలేదాకా ఆపండి. ఆకు చెత్తను ఊడ్చి తగలబెట్టవద్దు, అది శిలీంద్రం తిండి. గ్లైఫోసేట్ లాంటి గడ్డిమందు దగ్గరికి రానివ్వకండి. నెర్విలియాకు ముందు పువ్వొస్తుంది, అది వాడాక ఒకే ఒక్క గుండ్రటి ఆకు లేస్తుంది. పువ్వు పోయింది కదా అని ఆ ఆకును కలుపుగా తీసేసేవాళ్ళున్నారు. పనివాళ్ళకు ఆకును చూపించి చెప్పండి. చలికాలం వచ్చేసరికి పైన ఏమీ మిగలదు. కింద దుంప ఉంటుంది. ఒక ఏడాది అసలు లేవకుండా రెండో ఏడు లేచే మొక్కలూ ఉంటాయి. అందుకని మరుసటి ఏటి వానలకు ఏమీ కనిపించకపోయినా ఇంకో వానాకాలం గడిచేదాకా ఆ కర్రలు తీయకండి.